దుంపల కొట్టులో మూడు గంటలు

ట్రక్కు ఎక్కేనాటికి మార్లిస్ ఓడెగార్డ్‌కు నలభై నాలుగేళ్లు. అంతకు ముందు పద్నాలుగేళ్లు ఉత్తర డకోటాలో, జేమ్స్‌టౌన్ చుట్టుపక్కల పొలాల మధ్య బడి బస్సు నడిపింది. మోకాలి లోతు మంచు పడినా ఎనిమిది కొట్టేలోపు పిల్లల్ని బడి గుమ్మంలో దింపేది. ఎన్నడూ ఆలస్యం కాలేదని మాత్రం చెప్పదు. రెండుసార్లయింది, ఆ రెండూ ఏ రోజులో ఇప్పటికీ తేదీతో సహా చెప్పగలదు. భర్తతో తెగతెంపులయ్యాక ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తోందని పెద్ద బండి లైసెన్సు తీసుకుంది. మొదటి మూడు చలికాలాలు ఐడహోలో బంగాళాదుంపలు తోలింది. తర్వాత గోధుమలు. ఆ తర్వాత లైల్ బ్రాండ్‌వోల్డ్ అనే ఆయన తేనెటీగలు. ఇక అక్కడే స్థిరపడిపోయింది.

లైల్ తన ఈగల్ని చలికాలం కాలిఫోర్నియాలో ఉంచుతాడు. అవి ఫిబ్రవరిలో బాదం పూతకు, ఏప్రిల్‌లో నారింజ పూతకు పనిచేస్తాయి. మే నెలలో వాటిని మళ్లీ డకోటా గడ్డిపూల మీదికి తోలుకురావాలి. ఒక ట్రక్కుకు నాలుగు వందల ఎనిమిది పెట్టెలు ఎత్తి, పైన వల కప్పి, పట్టీలు బిగించి, పొద్దు వాలాక బయల్దేరతారు. ఈగల లోడుకు ఒకటే సూత్రం. పగటిపూట బండి ఆగకూడదు. కదులుతున్నంత సేపూ గాలి తగిలి పెట్టెలు చల్లగా ఉంటాయి. ఎండలో గంట ఆగితే లోపల వేడెక్కుతుంది, ఈగలు బయటికొచ్చి వల కింద నల్లగా ముసురుకుంటాయి. రెండు గంటలు ఆగితే మైనం కరిగి కారుతుంది. మూడో గంటకు మిగిలేవాటిని లెక్కపెట్టుకోవడం తేలిక.

కానీ డ్రైవరు తేనెటీగ కాదు కదా. పదకొండు గంటలు నడిపితే పది గంటలు విశ్రాంతి తీసుకోవాలని చట్టం. ఆ పది గంటల్ని రెండు ముక్కలుగా కూడా తీసుకోవచ్చు. కనీసం ఏడు గంటలు సీట్ల వెనకున్న పడక మీద, అంటే బెర్తు మీద గడిపితే, మిగతా మూడూ ఇంకోసారి తీర్చుకోవచ్చు. ఆ రెండు ముక్కలూ జతపడ్డాకే లెక్క మళ్లీ మొదలవుతుంది. ఒకప్పుడు ఇవన్నీ కాగితం మీద గీతలు. ఇప్పుడు ఇంజనుకు తగిలించిన యంత్రమే రాసుకుంటుంది. చక్రం తిరిగితే దానికి తెలుస్తుంది, ఆగితే తెలుస్తుంది. అందుకని ఈగల బండికి ఇద్దరు ఉంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పడుకుంటారు.

మార్లిస్‌కు జోడీ ఆమె చెల్లెలి మొగుడు డ్వేన్. మనిషి లావు, మాట అంతకన్నా లావు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం గ్లాసులోకి ఊస్తూ, వెయ్యి మైళ్లు కబుర్లు చెప్పగలడు. మార్లిస్ బెర్తు ఎక్కి తెర లాగేసుకున్నాక కూడా ఇవతల నుంచి చెబుతూనే ఉంటాడు. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే పరుపు మీద వంతులేసుకుని పడుకుంటూ, ఎవరి దుప్పటి వాళ్లు మడిచి పెట్టుకుంటూ, ఒక్కసారైనా పెద్ద గొడవ పడకుండా నెట్టుకొచ్చారు.

ఆ మే నెల బుధవారం సాయంత్రం మడేరా దగ్గర నారింజ తోటల్లో లోడు ఎత్తారు. మొదటి వంతు మార్లిస్‌ది. అయిదున్నర గంటలు నడిపి, కొండలు దాటించి, రీనో అవతల బండి డ్వేన్ చేతిలో పెట్టి బెర్తు ఎక్కింది. తెర అవతల డ్వేన్ కూతురి కొత్త కుక్క గురించి ఏదో చెబుతుండగానే నిద్రపట్టేసింది.

లేచేసరికి బండి ఆగి ఉంది. తెర సందులోంచి తెల్లటి వెలుతురు. యూటాలో ఉప్పు మైదానం పక్కన లారీలు ఆగే చోటు అది. డ్వేన్ ఆమె భుజం తట్టి లేపాడు గాని మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం చూసే మార్లిస్‌కు సగం అర్థమైంది. ముఖం సుద్దలా పాలిపోయింది, చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది, ఒక చెయ్యి నడుము పక్కన గట్టిగా అదిమిపెట్టుకున్నాడు.

"మూత్రపిండంలో రాయి," అన్నాడు. "మా నాన్నకూ ఇలాగే వచ్చేది. చావను. కానీ ఇక నడపలేను."

మార్లిస్ అతన్ని బెర్తు మీదికి ఎక్కించి, అత్యవసర నంబరుకు ఫోన్ చేసింది. అక్కడికి అంబులెన్సు రావాలంటే గంటపైనే పడుతుందనీ, సాల్ట్ లేక్ వైపు వస్తే దారిలో లేక్ పాయింట్ దగ్గర ఎదురొస్తామనీ చెప్పారు. సరేనని స్టీరింగు ముందు కూర్చుంది. గంటన్నర దారి. వెనక నుంచి డ్వేన్ మూలుగు వినిపించినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడమని అడిగింది. అతను మాట్లాడలేకపోతే తనే మాట్లాడింది. అలవాటు లేని పని కావడంతో పది మైళ్లకే చెప్పడానికేమీ మిగల్లేదు, దారి పక్క బోర్డులు పైకి చదివింది.

లేక్ పాయింట్‌లో అంబులెన్సు సిద్ధంగా ఉంది. స్ట్రెచరు దించేలోపు మార్లిస్ యంత్రం తెర మీద తన లెక్క చూసుకుంది. రాత్రి అయిదున్నర, ఇప్పుడు గంటన్నర, మొత్తం ఏడు. ఇంకా నాలుగు గంటలు నడపొచ్చు. ఆ తర్వాత మిట్ట మధ్యాహ్నం, ఐడహో ఎండలో, పది గంటలు ఆగిపోవాలి. బెర్తు మీద తను పడుకున్నది ఎంతసేపు? ఏడు గంటలు నిండితే ఇంకో మూడు గంటలతో సరిపోతుంది. నిండకపోతే ఆ నిద్ర దేనికీ కలవదు. డ్వేన్ లేపినప్పుడు ఏడు కాలేదనే ఆమె నమ్మకం. వేలితో తెరను కిందికి జరిపి చూసింది.

ఏడు గంటల నాలుగు నిమిషాలు.

స్ట్రెచరు మీద పడుకోబెడుతున్న డ్వేన్ దగ్గరికి వెళ్లి, ఉప్పు మైదానం దగ్గర బండి ఎప్పుడు ఆపావని అడిగింది. అతను కళ్లు మూసుకునే చెప్పాడు.

"నువ్వు లేవడానికి ముప్పావుగంట ముందు."

"ముప్పావుగంట ఏం చేశావు?"

"స్టీరింగు మీద తల ఆనించుకుని ఉన్నాను. ఏడు నిండకుండా ఆరుంపావు గంటల దగ్గర నిన్ను లేపితే నీ నిద్రంతా గంగలో... ఉప్పులో కలిసిపోయేది, మార్ల్. బండి ఎలాగూ ఆపేశాను. చల్లగానే ఉంది. ఈగలు కూడా పడుకున్నాయి."

"నీకు బుర్ర ఉందా అసలు?"

"బుర్రలో రాయి లేదు. అది మాత్రం తెలుసు."

మార్లిస్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతని చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టి, ఆసుపత్రికి చేరగానే భార్య జోలీన్‌కు ఫోన్ చెయ్యమనీ, కబుర్లతో నర్సుల ప్రాణం తియ్యొద్దనీ చెప్పింది. అంబులెన్సు తలుపులు మూశారు. ఆగి అరగంటయింది. వల లోపల ఈగల రొద అప్పుడే ఒక మెట్టు పెరిగింది.

లైల్ బ్రాండ్‌వోల్డ్‌కు అరవై ఎనిమిదేళ్లు. తండ్రి నుంచి వచ్చిన ఈగలవి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మార్లిస్ ఫోన్ చేసి విషయం చెప్పగానే అతను బరువుగా ఊపిరి వదలడం వినిపించింది. తన తమ్ముడు వెండెల్‌కు లైసెన్సు ఉందనీ, ఇద్దరం ఇప్పుడే బయల్దేరతామనీ, కానీ ఎంత తొందరపడ్డా అర్ధరాత్రికి గాని మోంటానాలో ఎదురుకాలేమనీ చెప్పాడు. తర్వాత నీళ్లు నములుతూ అడిగాడు.

"ఆ యంత్రంలో సొంత ప్రయాణం అని ఒక మీట ఉంటుందటగా. అది నొక్కితే గంటలు పడవని వెండెల్ అంటున్నాడు."

"నాలుగు వందల పెట్టెలేసుకుని సొంత ప్రయాణమేంటి లైల్? వీటిని షికారుకు తిప్పుతున్నానని రాయమంటావా?"

"చెయ్యమని కాదు. ఉందేమోనని."

"ఉంది. నేను నొక్కను."

లైల్ అంతటితో ఆ మాట వదిలేశాడు. ఆమె తండ్రి సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే.

మార్లిస్ తండ్రి ఆరిన్ కూడా ట్రక్కే నడిపేవాడు. కాగితాల కాలం. అప్పట్లో చాలామంది దగ్గర నడిపిన గంటలు రాసే లాగ్ పుస్తకాలు రెండు ఉండేవి. ఒకటి నిజానికి, ఒకటి పోలీసుకు. పేజీకి నాలుగు గళ్ల వరసలుంటాయి: సెలవు, బెర్తు, నడపడం, ఇతర పని. ఏ గంట ఏం చేశాడో ఆ వరసలో గీత గీయాలి. ఆరిన్‌ది కోడిగీత. పదకొండేళ్ల మార్లిస్‌ది అచ్చు గుద్దినట్టు ఉండేది. అందుకని ఆదివారాలు భోజనాలయ్యాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పైవారం పోలీసు పుస్తకాన్ని ఆమె స్కేలు పెట్టి గీసేది. తండ్రి ఏ ఊళ్లో ఎన్ని గంటలు పడుకోవాలో చెబుతుండేవాడు, ఆమె బెర్తు వరసలో తిన్నగా గీత లాగేది. ఆటలా ఉండేది. ఒక మంగళవారం తెల్లవారుజామున వయోమింగ్‌లో అతను స్టీరింగు మీదే నిద్రపోయాడు. బండి గుంటలో దొర్లింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు గాని అతని కాలు రెండు చోట్ల విరిగింది. వారం తర్వాత ఒక అధికారి ఆ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాడు. బల్ల మీద తెరిచి పెట్టి, ఇందులో మీరు ఆ సమయానికి రాలిన్స్‌లో పడుకుని ఉన్నారు కదా అన్నాడు. తను గీసిన గీతను మార్లిస్ తలుపు దగ్గర నుంచి చూసింది. ఎక్కడా వంకర లేదు. ఎవరు గీశారని అడిగితే నేనే అన్నాడు ఆరిన్. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ధాన్యం గిడ్డంగిలో కుంటుతూ పనిచేశాడు. కూతురితో ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆమె చాలాసార్లు అనుకుంది.

లైల్‌తో మాట్లాడి ఫోన్ పెట్టేశాక మార్లిస్ అద్దంలో తన ముఖం చూసుకుంది. నాలుగు గంటలు నడపొచ్చు. ఆ తర్వాత మూడు గంటలు ఆగాలి. అప్పుడు ఏడూ మూడూ జతపడి, రాత్రి నడిపిన అయిదున్నర గంటలూ లెక్కలోంచి చెరిగిపోయి, ఇంకో అయిదున్నర గంటల దారి తెరుచుకుంటుంది. ఆ అయిదున్నరా సాయంత్రం చల్లదనంలో, మోంటానా కొండల్లో. అంటే కావలసింది ఒక్కటే. నాలుగు గంటల దూరంలో, మధ్యాహ్నం మూడు గంటలపాటు ఎండ తగలని చోటు. డెబ్బై అయిదు అడుగుల బండికి పట్టే నీడ.

అంత నీడ ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. మూడు చలికాలాలు అందులోంచే లోడ్లు ఎత్తింది.

ఐడహో ఫాల్స్ అవతల రాబర్ట్స్ అనే చిన్న ఊరుంది. అక్కడి రైతులు దుంపలు దాచడానికి కట్టే కొట్లు సగం నేలలో ఉంటాయి. పైన మట్టి, మట్టి మీద గడ్డి. లోపలికి ట్రక్కు నేరుగా వెళ్తుంది. బయట నిప్పులు చెరిగినా లోపల స్వెట్టర్ కావాలి. ఆ కొట్లలో రెండు ఆఫ్టన్ హిల్‌యార్డ్ అనే ఆవిడవి. ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. మార్లిస్ ఆమెతో మాట్లాడి పదేళ్లు పైనే అయింది. నంబరు మారిపోయి ఉంటుందనుకుంటూనే నొక్కింది. రెండో మోతకే ఎత్తింది ఆఫ్టన్.

మార్లిస్ పేరు చెప్పుకుంది. బడి బస్సు నడిపిన డకోటా మనిషినని గుర్తు చేసింది. ఆఫ్టన్‌కు వెంటనే తెలిసింది. తన పెరట్లో మంచులో కూరుకుపోయిన బండిని గొలుసులేసి లాగి, తర్వాత పెరడు చదును చేసి మరీ వెళ్లిన మనిషిని మర్చిపోతానా అంది. సంగతి చెబితే ప్రశ్నలు తక్కువే వేసింది. పెద్ద కొట్టు సోమవారమే ఖాళీ అయిందట. తలుపు పద్నాలుగు అడుగులు. బండి ఎత్తెంత అంది. పదమూడూ నాలుగంగుళాలు అని చెప్పింది మార్లిస్. అయితే టోపీ తియ్యనక్కర్లేదు, వచ్చెయ్ అంది ఆఫ్టన్.

ఈ మాట లైల్‌తో చెబితే అతను సంతోషించే బదులు కంగారుపడ్డాడు. దుంపలు మొలకెత్తకుండా కొట్లలో మందు పొగ పెడతారని విన్నాడు. ఆ మందు గోడలకు పట్టి ఉంటే ఈగలకు విషం కాదా? మార్లిస్‌కు ఆ సంగతి తట్టనే లేదు. మళ్లీ ఆఫ్టన్‌కు ఫోన్. ఆవిడ కాస్త నొచ్చుకుంది.

"నావి విత్తనం దుంపలమ్మా. మొలకెత్తడానికే కదా అమ్ముతాను, మొలకెత్తకుండా మందెందుకు పెడతాను? ఆ కొట్లో నలభై ఏళ్లుగా పొగ పెట్టలేదు. మీ లైల్‌ని నిశ్చింతగా ఉండమను."

ఆ కబురు విన్న లైల్ ఇంకోసారి ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది. ఈసారి వేరే రకంగా.

సాల్ట్ లేక్ నుంచి ఉత్తరానికి ఆమె ఎక్కడా ఆగలేదు. కాఫీ కూడా తాగలేదు, తాగితే ఆగాల్సి వస్తుందని. ఓగ్డెన్, ట్రెమాంటన్, పొకాటెల్లో దాటాయి. పగటి ఎండ పెరుగుతోంది. బండి పరుగులో ఉన్నంతవరకు ఫర్వాలేదు. ఒకచోట రోడ్డు పనులని ఒక్క వరసే వదిలారు. అక్కడ పద్దెనిమిది నిమిషాలు నత్తనడక. అద్దంలో చూస్తే వల లోపల వెనక మూల ఈగలు నల్లటి గుడ్డలా పరుచుకున్నాయి. యంత్రం మీద మిగిలిన నిమిషాలు తరిగిపోతున్నాయి. పళ్లు బిగించి కూర్చుంది. దారి తెరుచుకుని బండి మళ్లీ వేగం అందుకున్నాక, ఆ నల్లగుడ్డ కొద్దికొద్దిగా పలచబడింది.

రాబర్ట్స్ దగ్గర పెద్ద రోడ్డు దిగి, కాలవ గట్టున నాలుగు మైళ్లు పోయేసరికి ఆఫ్టన్ కొట్టు గుట్టలా కనిపించింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడ్డి టోపీ పెట్టుకుని, మగవాళ్ల చొక్కా వేసుకుని ఆవిడే ఎదురొచ్చి, చేతులూపుతూ లోపలికి పిలిచింది. వలకూ తలుపు పైకమ్మికీ మధ్య ఎనిమిది అంగుళాల సందు. మార్లిస్ కిటికీ దించి, తల బయటపెట్టి, అడుగు అడుగునా దూర్చింది. ఎండ వెనకబడింది. దుంపల మట్టి వాసన, చీకటి, ముఖానికి తగిలిన చల్లదనం. ఇంజను ఆపేసరికి యంత్రం మీద ఎనిమిది నిమిషాలు మిగిలాయి.

ఆఫ్టన్ వెనక తలుపులు మూసి, దుంపలకు గాలి పంపే పెద్ద ఫ్యాన్లు తిప్పింది. నేల కింద గొట్టాల్లోంచి చల్లగాలి లేచింది. ఈగల రొద మొదట గోడలకు కొట్టుకుని రెట్టింపయినట్టు వినిపించింది. కాసేపటికి తగ్గింది. ఇంకా తగ్గింది. చీకట్లో దారి కనబడక వల కిందున్నవి కూడా పాక్కుంటూ పెట్టెల్లోకి పోసాగాయి. మార్లిస్ టార్చి తీసి, దిగి, పట్టీలన్నీ ఓసారి చూద్దామని తలుపు తెరిచింది.

"ఎక్కడికి?" అంది ఆఫ్టన్ కింద నుంచి.

చూసి వస్తానంది మార్లిస్.

"చూడటం పనేనా కాదా?"

"అలా అంటే... పనే."

"మూడు గంటలూ పని ముట్టుకోకూడదని ఫోన్‌లో నువ్వే కదమ్మా చెప్పావు. నీ ఈగలకు నేనున్నాను, నలభై ఏళ్లుగా దుంపల్ని నిద్రపుచ్చుతున్నాను. ఇవేమన్నా గొప్పవా? ఎక్కి పడుకో. మూడు గంటల పది నిమిషాలయ్యాక లేపుతాను."

తన కన్నా పెద్దావిడ అలా గదమాయించి ఎన్నేళ్లయిందో మార్లిస్‌కు గుర్తులేదు. మారు మాట్లాడకుండా బూట్లు విప్పి బెర్తు ఎక్కింది.

నిద్ర వెంటనే పట్టలేదు. డ్వేన్ ఎలా ఉన్నాడో. వెనక మూల పెట్టెలు ఎలా ఉన్నాయో. ఫ్యాన్ల చప్పుడు ఒకే తీరున సాగుతోంది. నాన్న ఎన్ని రాత్రులు ఈ వెడల్పు పరుపును వెనకాల పెట్టుకుని, దాని మీదికి ఎక్కకుండానే తెల్లార్చాడో అనుకుంది. తను స్కేలుతో పడుకోబెట్టిన గంటలన్నీ అతను మేలుకునే ఉన్నాడు. తలకింద చెయ్యి పెట్టుకుని పక్కకు తిరిగింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు.

తలుపు మీద ఆఫ్టన్ పిడికిలి చప్పుడుకే లేచింది. యంత్రం చూసింది. మూడు గంటల పన్నెండు నిమిషాలు. దాని కింద, కొత్తగా, అయిదున్నర గంటలకు పైనే నడపొచ్చని చూపిస్తోంది. ఆ అంకెల వైపు చూస్తూ ఒక నిమిషం అలాగే కూర్చుంది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. పొద్దుటి నుంచీ అవి చెవుల దాకా లేచి ఉన్నాయని అప్పుడే తెలిసింది.

దిగి చూసుకుంది. ఒక్క పెట్టె నుంచీ మైనం కారలేదు. చెవి ఆనిస్తే ప్రతి పెట్టెలోనూ సన్నటి గుయ్యిమనే చప్పుడు, చలి పుట్టిన ఈగలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నప్పుడు చేసేది. నేల మీద రాలినవి ఒక చేటెడు, అంతే. ఆఫ్టన్‌ను ఒకటి మెడ వెనక కుట్టింది గాని ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు. ఒక గాజు పళ్లెంలో జున్నూ మీగడా వేసి కాల్చిన దుంపల కూర తెచ్చి, బండి మెట్టు మీద పెట్టింది. పైన అటుకుల్లా కరకరలాడే పొరుంది.

"ఇది మావైపు చావు భోజనాల్లో చేసే వంట," అంది. "ఎవరూ చావకుండా తినడం నాకూ ఇదే మొదటిసారి. కానియ్."

మార్లిస్ నిలబడే సగం పళ్లెం ఖాళీ చేసింది. నిన్న సాయంత్రం నుంచి పొట్టలో ఏమీ పడలేదు. తింటుండగా ఫోన్ మోగింది. చెల్లెలు జోలీన్. రాయి దానంతటదే పడిపోయిందట. డ్వేన్‌కు నొప్పి తగ్గే మందిచ్చారట, రేపు ఇంటికి పంపేస్తారట. నర్సుకు కుక్క ఫోటోలు చూపిస్తున్నాడట. మార్లిస్ చెంచా కింద పెట్టి, మోచేతిని బంపరు మీద ఆనించి, మిగతా మాటలు వినకుండానే ఊఁ కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు. ఆఫ్టన్ అటు తిరిగి ఫ్యాన్లు ఆపడానికి వెళ్లింది.

ఎంతిమ్మంటావని అడిగితే ఆవిడ వినిపించుకోలేదు. మళ్లీ ఎప్పుడైనా ఈ దారిన వెళ్తే ఆగకపోతే మాత్రం ఊరుకోనంది.

కనుమ ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. గాలి చల్లబడింది. మోంటానాలోకి దిగాక తూకం కేంద్రం దగ్గర దీపం వెలిగి, పక్కకు రమ్మంది. యూనిఫారంలో ఉన్న ఓ పడుచుపిల్ల వలకు పదడుగుల దూరంలోనే ఆగిపోయి, లాగ్ చూపించమంది. మార్లిస్ తెర తిప్పి చూపింది. ఆ అమ్మాయి వేలు పెట్టి వరసలన్నీ చూసింది. రాత్రి బెర్తు ఏడూ నాలుగు. మధ్యాహ్నం మూడూ పన్నెండు. మళ్లీ చూసింది. పగలు ఈగల బండి మూడు గంటలు ఆగిందంటే ఆమెకు నమ్మకం కలగలేదు.

"ఇక్కడ ఎక్కడున్నారు?"

"దుంపల కొట్టులో."

"ఏ కొట్టు?"

"బంగాళాదుంపలది. పడుకున్నాను. ఈగలు కూడా పడుకున్నాయి."

ఆ అమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది. చెంప మీద దిండు ముడత ఇంకా పోలేదు కాబోలు, నవ్వేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, వెళ్లండి అంది. గేటు దాటి రోడ్డెక్కాక మార్లిస్‌కు ఒళ్లంతా తేలికైపోయింది. ఇన్నేళ్లలో ఎన్ని తనిఖీలు దాటినా, పుస్తకం అడిగిన ప్రతిసారీ వంటింటి బల్లే కళ్లకు కట్టేది. ఆ సాయంత్రం కట్టలేదు. ఆ సంగతి బ్యూట్ దాటాక గాని తట్టలేదు.

బిగ్ టింబర్ దగ్గర గంటలు తీరేలోపే బండి ఆపింది. బయట ఊపిరి పొగలా వస్తోంది. ఆ చలికి ఈగలు పొద్దెక్కేదాకా కదలవు. తెర లాగి, బెర్తు మీద ఏడు గంటలు ఒక్క పెట్టున పడుకుంది. తెల్లారి లేచి చూస్తే బండి ముందు లైల్ పికప్పు ఆగి ఉంది. అన్నదమ్ములిద్దరూ అర్ధరాత్రి దాకా వంతులేసుకుని నడిపి, ఆమెను లేపడం ఇష్టం లేక సీట్లలోనే కూర్చుని కునికారు. లైల్ అప్పటికే పెట్టెల చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్రతిదానికీ చెవి ఆనించి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఇంతకన్నా ఘోరంగా ఉండొచ్చు," అన్నాడు.

డకోటాలో అంతకు మించి పొగడ్త లేదు. మీట సంగతి అడిగినందుకు ఏమీ అనుకోవద్దని కూడా చెప్పాడు, బూట్ల వైపు చూస్తూ. అనుకోలేదంది మార్లిస్. లైల్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు.

వెండెల్ స్టీరింగు అందుకున్నాడు, లైల్ పికప్పులో వెనకాల వచ్చాడు. శుక్రవారం పొద్దు వాలాక, మెడైనా ఊరి బయట గడ్డిపూల చేలో పెట్టెలు దించారు. నాలుగు వందల ఎనిమిదిలో చచ్చినవి మూడు. మంచి లోడులోనూ అన్ని పోతాయి. మిగతా పెట్టెల మూతులు తెరవగానే ఈగలు ముందు గుమ్మాల దగ్గర గుంపు కట్టి, ఒక్కొక్కటే లేచి, కొత్త చోటు చుట్టూ గుండ్రంగా తిరిగి చూసుకున్నాయి. చీకటి పడేదాకా మార్లిస్ చేను గట్టున కూర్చుని చూసింది. తర్వాత లైల్ ఆమెను ఇంటి దగ్గర దింపాడు.

పడుకునే ముందు ఫోన్ ఆపేసింది. మెలకువ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఏ రాష్ట్రంలో ఉన్నానా అని ఒక్క క్షణం తడుముకుంది. పరుపు రెండు వైపులా ఖాళీగా ఉంది, గోడ తగల్లేదు. కిటికీ అవతల పక్కింటాయన గడ్డి కోసే యంత్రం చప్పుడు. అయితే శనివారమన్నమాట. దుప్పటి చెవుల దాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది.